పిల్లర్ ఇనుముకు ప్రత్యామ్నాయాలు: పాఠకుల ప్రశ్నలు, ఇంజనీరు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో సగానికి పైగా పిల్లర్ల ఇనుము గురించే ఉన్నాయి. గ్లాస్ ఫైబర్ రాడ్లు, స్ప్రింగులా చుట్టే రింగులు, రాడ్లను కలిపే కప్లర్లు, వెదురు వంటి మాటలు ఇప్పుడు ఇల్లు కట్టుకునేవారి చెవిన తరచుగా పడుతున్నాయి కనుక, ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: కాకినాడలో సముద్రానికి కిలోమీటరున్నర దూరంలో ఇల్లు కడుతున్నాము. పక్కింటివారి పిల్లర్లు పదిహేనేళ్లకే నిలువునా పగిలి లోపలి ఇనుము బయటపడింది. ఇనుముకు బదులు గ్లాస్ ఫైబర్ రాడ్లు వేస్తే తుప్పు అన్న మాటే ఉండదని, బరువు కూడా నాలుగో వంతేనని దుకాణదారు అంటున్నారు. మా మేస్త్రీకి వాటితో పని చేసిన అనుభవం లేదు. పిల్లర్లకు వాటిని వాడవచ్చా? — ఒక గృహిణి, కాకినాడ

జవాబు: అమ్మా, దుకాణదారు చెప్పిన రెండు మాటలూ నిజమే. గ్లాస్ ఫైబర్ రాడ్డుకు తుప్పు పట్టదు, అది తేలికగానూ ఉంటుంది. అయినా మీ ఇంటి పిల్లర్లకు వాటిని వాడవద్దనే నేను చెబుతాను. దానికి కారణాలు కొంచెం వివరంగా చెప్పాలి.

పిల్లర్ మీద బరువు పడినప్పుడు కాంక్రీటు, రాడ్డు రెండూ కలిసి ఒకే కొలతలో కుదించుకుంటాయి. కాంక్రీటు నలిగే దశకు చేరువయ్యేసరికి ఆ కుదింపు 0.2 శాతం దగ్గర ఉంటుంది. అంత కుదింపులో ఇనుప రాడ్డు ప్రతి చదరపు మిల్లీమీటరుకు దాదాపు 400 న్యూటన్ల బలం మోస్తుంది. గ్లాస్ ఫైబర్ రాడ్డు బిగువు, అంటే కుదింపును ఎదిరించే గుణం, ఇనుములో సుమారు నాలుగో వంతే కావడం వల్ల, అదే కుదింపులో అది మోసేది 100 న్యూటన్ల చుట్టుపక్కలే. లాగినప్పుడు ఎంతో బలంగా కనిపించే రాడ్డు, నొక్కినప్పుడు ఇనుము చేసే పనిలో పావు వంతు మాత్రమే చేస్తుందన్నమాట. అందుకే 2022లో వెలువడిన అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వారి 440.11 నియమావళి, నొక్కుడులో ఉన్న గ్లాస్ ఫైబర్ రాడ్డును చుట్టూ ఉన్న కాంక్రీటుతో సమానంగానే లెక్కవేయమంటుంది, అదనపు బలం ఉన్నట్టు చూపనివ్వదు.

రెండవది, సాగే గుణం. మనం వాడే ఎఫ్‌ఈ 500డి రకం టీఎంటీ రాడ్డు తెగేలోగా కనీసం 16 శాతం సాగాలని రాడ్లకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 చెబుతుంది. భూకంపంలో ఇల్లు ఊగినా కూలకుండా మనుషులు బయటకు వచ్చే వ్యవధి దొరికేది ఈ సాగుడు వల్లనే. గ్లాస్ ఫైబర్ రాడ్డు సాగదు. చివరి క్షణం దాకా నిటారుగా నిలిచి, ఆ తరువాత ఒక్కసారిగా తెగిపోతుంది.

మూడవది రింగులు. గాజు పోగులను కలిపి పట్టే జిగురు గట్టిపడిన తరువాత ఆ రాడ్డును మీ మేస్త్రీ బల్ల మీద పెట్టి వంచలేరు, వంచితే లోపలి పోగులు చిట్లుతాయి. జిగురు పచ్చిగా ఉండగా ఫ్యాక్టరీలో వంచి తెచ్చిన రింగులకు కూడా మూలల దగ్గర బలం బాగా తగ్గుతుంది. పిల్లర్‌లో రింగు ఎంత కీలకమో కింది జవాబుల్లో చెప్పబోతున్నాను కనుక, ఈ ఒక్క లోపం చాలు వీటిని పక్కన పెట్టడానికి. దానికి తోడు మంట తగిలితే 100 డిగ్రీల సెల్సియస్ దాటిన కొంతసేపటికే జిగురు మెత్తబడుతుంది.

భారతీయ ప్రమాణాల సంస్థ 2023లో ఈ రాడ్లకు ఐఎస్ 18256 పేరుతో ప్రమాణం వెలువరించింది. దానిని చూపించి అమ్మేవారు ఉంటారు. రాడ్డు నాణ్యతకు ప్రమాణం ఉండటం వేరు, ఆ రాడ్డుతో పిల్లర్‌ను లెక్కకట్టే విధానం ఉండటం వేరు. మన కాంక్రీటు నియమావళి ఐఎస్ 456:2000 ఇనుమును దృష్టిలో పెట్టుకుని రాసినది. సముద్రపు గోడలకు, నేల మీద పరిచే కాంక్రీటుకు, అయస్కాంత ప్రభావం ఉండకూడని ఎంఆర్‌ఐ గదులకు ఈ రాడ్లు చక్కగా పనికివస్తాయి. వాటి చోటు అది.

మరి తుప్పు సంగతి ఏమిటని మీరు అడుగుతారు. మెక్సికో దేశంలోని ప్రొగ్రెసో రేవులో 1937–41 మధ్య స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్లతో కట్టిన వంతెన ఇంకా నిలిచే ఉంది. దాని పక్కనే తరువాతి కాలంలో మామూలు ఇనుముతో కట్టినది ఉప్పుగాలికి శిథిలమైపోయింది. అంటే ఇనుమును పూర్తిగా వదలనక్కరలేకుండానే తుప్పును గెలిచే దారి ఉంది. మన దగ్గర కూడా స్టెయిన్‌లెస్ రాడ్లకు ఐఎస్ 16651 ఉంది గాని, దాని ధర సొంత ఇల్లు కట్టుకునేవారికి అందుబాటులో ఉండదు. ఎపాక్సీ పూత రాడ్లు అంతకన్నా చవకే, కాని పూత ఒక్కచోట గీరుకుపోయినా అక్కడి నుంచే తుప్పు లోపలికి పాకుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా కీస్ వంతెనల స్తంభాల్లో, కట్టి పదేళ్లు కూడా నిండకముందే ఈ రాడ్లు తుప్పు పట్టిన సంగతి 1980లలో బయటపడింది. లారీలోంచి దొర్లించి, నేల మీద ఈడ్చుకెళ్లే మన సైట్లలో ఆ పూత చెక్కుచెదరకుండా నిలుస్తుందని నేను నమ్మను. జింకు పూత రాడ్లు దెబ్బలకు కొంత ఓర్చుకుంటాయి. ఖర్చు భరించగలిగితే వాటి గురించి మీ ఇంజనీరుతో మాట్లాడండి.

అయితే పక్కింటి పిల్లర్ పగలడానికి కారణం రాడ్డు రకం కాదని, దాని మీద కాంక్రీటు పలచగా ఉండటమేనని నా అనుమానం. వీలుంటే ఒక టేపు తీసుకుని వెళ్లి, బయటపడిన రాడ్డుకు, పిల్లర్ బయటి ముఖానికి మధ్య ఎంత మందం ఉందో కొలిచి చూడండి. సముద్రతీర వాతావరణంలో ఐఎస్ 456 ప్రకారం ఆ మందం, అంటే కవర్, కనీసం 45 మి.మీ. ఉండాలి, కాంక్రీటు బలం ఎం30 తరగతికి తగ్గకూడదు, నీరు సిమెంటు బరువులో 0.45 వంతు దాటకూడదు. కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. బోరు నీరు చప్పగా తోచకపోతే ముందు పరీక్ష చేయించండి. కవర్ బ్లాకులుగా కంకర రాళ్లు, ఇటుక ముక్కలు పెట్టనివ్వకండి. ఈ నాలుగింటి మీద మీరు పెట్టే ఖర్చు, ఏ కొత్తరకం రాడ్డు మీద పెట్టే ఖర్చుకన్నా మీ ఇంటికి ఎక్కువ ఆయుష్షు ఇస్తుంది.

ప్రశ్న: ముప్పై ఏళ్లుగా రాడ్ బెండింగ్ పని చేస్తున్నాను. ఇప్పుడు కడుతున్న ఇంటి వరండాలో గుండ్రటి పిల్లర్లకు విడి రింగులు కాకుండా ఒకే రాడ్డును స్ప్రింగులా చుట్టాలని డ్రాయింగులో ఉంది. పని రెట్టింపు అవుతోంది. అంత తేడా నిజంగా ఉంటుందా? చదరపు పిల్లర్లకు కూడా అలా చుట్టవచ్చా? — ఒక మేస్త్రీ, ఖమ్మం

జవాబు: మేస్త్రీ గారూ, ముప్పై ఏళ్ల అనుభవం ఉండి కూడా కారణం తెలుసుకోవాలని ఉత్తరం రాశారు. అందుకు ఎంతో సంతోషించాను.

నిండా కుట్టిన ధాన్యం బస్తా మీద మనిషి ఎక్కి నిలబడగలడు. గింజలు పక్కలకు జారిపోకుండా గోనె పట్టి ఉంచుతున్నంతసేపే ఆ బస్తాకు బలం. కాంక్రీటు పిల్లర్ కూడా పై నుంచి నొక్కితే పక్కలకు ఉబ్బాలని చూస్తుంది. ఆ ఉబ్బును ఆపేది రింగు. నిలువు రాడ్లు బయటకు వంగిపోకుండా పట్టి ఉంచేదీ అదే. ఫ్రెంచి ఇంజనీరు ఆర్మాండ్ కన్సిడేర్ గత శతాబ్దం ఆరంభంలో చుట్టు ఇనుము మీద ప్రయోగాలు చేసి ఈ సంగతిని ప్రపంచానికి చూపించారు. 1928లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రిచర్ట్, ఆయన సహచరులు దానికి లెక్క తేల్చారు. పక్క నుంచి ఒక వంతు ఒత్తిడితో పట్టి ఉంచితే కాంక్రీటు నిలువు బలం సుమారు నాలుగు వంతులు పెరుగుతుందని వారి ప్రయోగాలు చెప్పాయి. ఒకటికి నాలుగు! చుట్టు ఇనుము ఇచ్చేంత ప్రతిఫలం నిలువు రాడ్డు ఎప్పుడూ ఇవ్వదు.

స్ప్రింగు చుట్టుకు, విడి రింగుకు తేడా ఎక్కడ వస్తుందంటే, విడి రింగుకు ప్రతిదానికీ రెండు కొసలు ఉంటాయి. పిల్లర్ పై పొర రాలిపోయిన రోజున, ఆ కొసలు సరిగా లోపలికి వంచి ఉండకపోతే, రింగు అక్కడే విచ్చుకుంటుంది. స్ప్రింగుకు పిల్లర్ పొడవునా కొసలే లేవు. 1971 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని శాన్ ఫెర్నాండో భూకంపంలో ఓలివ్ వ్యూ ఆసుపత్రి కట్టడం ఒకటి దీనికి తిరుగులేని సాక్ష్యం ఇచ్చింది. విడి రింగులు వేసిన మూల పిల్లర్లు ముక్కలై పోగా, స్ప్రింగు చుట్టు ఉన్న పిల్లర్లు పై పొర మొత్తం రాలి, బాగా ఒరిగిపోయి కూడా, లోపలి కాంక్రీటును వదలకుండా పై అంతస్తులను మోస్తూ నిలిచాయి. ఆ ఫోటోలను నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మొదటిసారి చూశాను. ఆ తరువాత ఏ సైటుకు వెళ్లినా ముందుగా నా కళ్లు వెతికేది రింగులనే.

మన ఐఎస్ 456 స్ప్రింగు చుట్టు ఉన్న పిల్లర్‌కు 5 శాతం మాత్రమే ఎక్కువ బలాన్ని లెక్కలోకి తీసుకోనిస్తుంది. ఆ 5 చూసి చాలామంది ఇంజనీర్లే ఈ మాత్రానికి ఇంత శ్రమ ఎందుకని అనుకుంటారు. అసలు లాభం ఆ అంకెలో లేదు, పగిలిన తరువాత కూడా పిల్లర్ కూలకుండా నిలవడంలో ఉంది. మీ ఖమ్మం జిల్లాకు ఆనుకునే ఉన్న భద్రాచలం ప్రాంతంలో 1969 ఏప్రిల్‌లో 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన కుదుపు మీకూ తెలిసే ఉంటుంది.

ఇక చుట్టే పద్ధతి. చుట్టుకు చుట్టుకు మధ్య దూరం 75 మి.మీ. మించకూడదు, చుట్టు లోపలి కాంక్రీటు వ్యాసంలో ఆరో వంతు కూడా మించకూడదు. కాంక్రీటు దిగడానికి వీలుగా 25 మి.మీ.కు, చుట్టే రాడ్డు మందానికి మూడు రెట్లకు తగ్గకూడదు. మీ పిల్లర్ వ్యాసం 400 మి.మీ. అనుకుంటే, రెండు పక్కలా 40 మి.మీ. కవర్ పోగా 320 మిగులుతుంది. అందులో ఆరో వంతు 53. అంటే రెండు అంగుళాలకు ఒక చుట్టు రావాలి. స్ప్రింగును పైకి లాగినప్పుడు అది హార్మోనియం తిత్తిలా ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా సాగుతుంది. అందుకని ముందే రెండు నిలువు రాడ్ల మీద రెండేసి అంగుళాలకు సుద్దతో గీతలు పెట్టుకుని, ప్రతి చుట్టునూ ఆ గీత మీద బైండింగ్ వైరుతో బిగించండి. పైన, కింద కొసల్లో ఒకటిన్నర చుట్టు అదనంగా తిప్పి ముగించాలి. ఆ ఒకటిన్నర చుట్టు మానేస్తే మిగిలిన చుట్టంతా వృథా, ఎందుకంటే విడిపోవడం కొస నుంచే మొదలవుతుంది.

చదరపు పిల్లర్లకు యంత్రం మీద వంచిన అఖండ చదరపు చుట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. కొసలు లేకపోవడం అనే మేలు వాటికీ ఉంది. కాని గుండ్రటి చుట్టు అన్ని వైపులా సమానంగా పట్టినట్టు చదరపు చుట్టు పట్టలేదు. మూలల దగ్గర గట్టిగా పట్టి, మధ్యలో పక్కకు వంగుతుంది. అందువల్ల పెద్ద చదరపు పిల్లర్‌లో మధ్య రాడ్లను అడ్డంగా పట్టే లింకులు విడిగా వేయవలసిందే. లింకులు డ్రాయింగులో ఉంటే, చుట్టు వేశాం కదా అని మీరు వాటిని తీసివేయకండి.

ప్రశ్న: ఇంజనీరు గారు బీముల దగ్గర మూడు అంగుళాలకు ఒక రింగు వేయమని గీసి ఇచ్చారు. మేస్త్రీ మాత్రం, అంత దగ్గరగా వేస్తే కాంక్రీటు దిగదని, ఎనిమిది అంగుళాలకు ఒకటి చాలని అంటున్నారు. రింగులు చేతితో వంచడం కన్నా దుకాణంలో తయారుగా దొరికేవి వాడవచ్చా? ఎవరి మాట వినాలి? — ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: మాష్టారూ, ఇంజనీరు గారి మాటే వినండి. విజయవాడ ఐఎస్ 1893:2016 ప్రకారం భూకంప మండలం 3లో ఉంది. అక్కడ భూకంపాన్ని తట్టుకునేలా రాడ్లు అమర్చే నియమావళి ఐఎస్ 13920 పాటించడం తప్పనిసరి.

ఆ నియమావళి చెప్పేదాన్ని అంకెల్లో చూడండి. 300 మి.మీ. చదరపు పిల్లర్, నాలుగు 16 మి.మీ. రాడ్లు, స్లాబు నుంచి బీము అడుగు వరకు 2.6 మీటర్ల ఎత్తు అనుకుందాం. పైన, కింద 450 మి.మీ. చొప్పున 75 మి.మీ.కు ఒక రింగు పడాలి. మధ్య భాగంలో 150 మి.మీ.కు ఒకటి, ల్యాపింగు (కింది, పై రాడ్ల కొసలను పక్కపక్కన చేర్చి కలపడం) ఉన్నంత మేర 100 మి.మీ.కు ఒకటి. మొత్తం 28 రింగుల దాకా వస్తాయి. మేస్త్రీ గారి లెక్కలో 13 వస్తాయి. తేడా 15 రింగులు. 8 మి.మీ. రాడ్డుతో ఒక్కో రింగు దాదాపు 400 గ్రాములు, అంటే పిల్లర్‌కు 6 కిలోలు. 12 పిల్లర్ల ఇంటికి అంతస్తుకు 72 కిలోల ఇనుము. గుమ్మానికి పెట్టే పాలిష్ ఖర్చుతో పోల్చినా ఇది పెద్ద మొత్తం కాదు.

దూరం ఎంత ముఖ్యమో కొస వంపు అంతకన్నా ముఖ్యం. కొంతకాలం క్రితం ఒక సైటులో కాంక్రీటు పోయడానికి ముందు రోజు సాయంత్రం నన్ను పిలిచారు. రింగులు వరుసగా, చూడముచ్చటగా కట్టి ఉన్నాయి. దగ్గరకు వెళ్లి చూస్తే ప్రతి రింగు కొసా మూల దగ్గర ఎల్ ఆకారంలో వంగి, పక్క రింగు గీతకు సమాంతరంగా ఆగిపోయింది. ఒక కొసను బొటనవేలితో బయటకు నెట్టాను, అది కదిలి వచ్చింది. వేలికి లొంగిన కొస భూకంపానికి లొంగదా? కొస మూల రాడ్డును చుట్టి, 135 డిగ్రీలు తిరిగి, పిల్లర్ లోపలికి కనీసం 65 మి.మీ. దూసుకుపోవాలి. అప్పుడు బయటి పొర రాలినా కొస కాంక్రీటులోనే పట్టు బిగించి ఉంటుంది. ఆ రాత్రి లైట్లు పెట్టి అన్నిటినీ మళ్లీ వంచాము. కాంక్రీటు ఒక రోజు ఆలస్యమైంది.

దుకాణంలో దొరికే యంత్రపు రింగులు మంచివే. కొలత తేడా రాదు. కాని వాటిలోనూ 90 డిగ్రీల కొసలవి అమ్ముతున్నారు. కొనేటప్పుడు ఒకటి చేతిలోకి తీసుకుని కొస లోపలికి చూస్తున్నదో లేదో చూసుకోండి. మేస్త్రీ గారు చెప్పిన కాంక్రీటు ఇబ్బంది నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకండి. దానికి విరుగుడు రింగులు తగ్గించడం కాదు. పిల్లర్లకు సన్న కంకర తెప్పించి, సన్న సూది వైబ్రేటర్‌తో అడుగు అడుగుకూ కుదించుకుంటూ పోయించండి. ఇంకొక మాట. పిల్లర్, బీము కలిసే ముడి లోపల కూడా రింగులు ఉండాలి. బీము రాడ్లు అడ్డువస్తున్నాయని అక్కడే ఎక్కువగా మానేస్తారు, భూకంపం మొదట వెతికేది ఆ చోటునే. ల్యాపింగు మొత్తాన్ని స్లాబు మీదే మొదలుపెట్టడం కూడా మన దగ్గర పాతుకుపోయిన తప్పు. అది పిల్లర్ ఎత్తులో మధ్య సగభాగంలో రావాలి, ఒకే మట్టంలో సగం రాడ్లకు మించి కలపకూడదు.

ప్రశ్న: ల్యాపింగుకు బదులు మరలు ఉన్న కప్లర్లతో పిల్లర్ రాడ్లను కలపవచ్చా? — ఒక సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: కలపవచ్చు. కప్లర్లకు ఐఎస్ 16172 ఉంది. ఎం25 కాంక్రీటులో ఎఫ్‌ఈ 500 రాడ్డుకు లాగుడులో ల్యాపింగు వ్యాసానికి దాదాపు 49 రెట్లు కావాలి. 25 మి.మీ. రాడ్డుకు అది దాదాపు మీటరుంబావు. ఇనుము రెండు వరుసలుగా ఉండే ఆ మేర కాంక్రీటు దిగడమే కష్టమవుతుంది. లావు రాడ్లకు, రాడ్లు కిక్కిరిసిన పిల్లర్లకు కప్లర్ మేలు. 16 మి.మీ. లోపు రాడ్లకు మర కోయించే ఖర్చు దండగ. మర చివరి దాకా బిగిసిందో లేదో టార్క్ రెంచితో ఒక్కొక్కటీ చూడాలి, చేతితో తిప్పి వదిలేస్తే ల్యాపింగే నయం.

ప్రశ్న: మా ఊళ్లో వెదురు పుష్కలం. చిన్న ఇంటి పిల్లర్లలో ఇనుముకు బదులు వెదురు బద్దలు వేయవచ్చా? — ఒక యువ రైతు, పాడేరు

జవాబు: వేయవద్దు. వెదురు పచ్చి కాంక్రీటులోని నీటిని పీల్చి ఉబ్బుతుంది, కాంక్రీటు ఆరిన తరువాత అది కూడా ఆరి ముడుచుకుంటుంది. ఆ సందు పడిన తరువాత బద్దకు, కాంక్రీటుకు పట్టు ఉండదు. దాని బిగువు కూడా ఇనుములో పదో వంతు మాత్రమే. వెదురుతో పైకప్పు, గోడ తడికలు, పందిరి అద్భుతంగా వస్తాయి. అక్కడ దాన్ని నిండుగా వాడుకోండి.

ప్రశ్న: మచిలీపట్నంలో మా నాన్నగారు కట్టిన ఇల్లు. కింది అంతస్తు పిల్లర్లలో రెండింటికి రాడ్డు వెంబడి నిలువు పగుళ్లు వచ్చాయి. ఒకరు ఫైబర్ గుడ్డ చుట్టమంటున్నారు, ఒకరు మూలలకు ఇనుప యాంగిల్స్ పెట్టి పట్టీలు వెల్డింగ్ చేయమంటున్నారు. ఏది మంచిది? — ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: రెండూ మంచి పద్ధతులే, కాని ఏదీ మొదటి పని కాదు. రాడ్డు వెంబడి నిలువుగా పగులు వచ్చిందంటే లోపల తుప్పు ఉబ్బి కాంక్రీటును తోస్తున్నదని అర్థం. తుప్పు, తాను తిన్న ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ తుప్పును లోపలే ఉంచి పైన ఫైబర్ గుడ్డ చుడితే, పగులు కనిపించకుండా పోతుంది గాని తుప్పు ఆగదు. కనిపించే పగులుకన్నా కప్పిపెట్టిన పగులు ప్రమాదం.

ముందుగా పై స్లాబుకు, బీములకు ఇనుప ప్రాప్స్ (తాత్కాలిక ఊతాలు) పెట్టించి పిల్లర్ మీద బరువు తగ్గించండి. ఇది చేయకుండా ఎవరినీ ఉలి పెట్టనివ్వకండి. తరువాత వదులైన కాంక్రీటును రాడ్డు వెనుక దాకా తీయించి, తుప్పును తీగ బ్రష్‌తో మెరుపు కనిపించేవరకు గీకించి, మిగిలిన రాడ్డు మందాన్ని కొలిపించండి. మందం పెద్దగా తగ్గకపోతే మరమ్మతు మోర్టారుతో సరిపోవచ్చు. బాగా తగ్గి ఉంటే, పాత పిల్లర్ చుట్టూ కొత్త నిలువు రాడ్లు, 135 డిగ్రీల కొసలున్న కొత్త రింగులు కట్టి, కనీసం 100 మి.మీ. మందంతో కొత్త కాంక్రీటు తొడుగు పోయించడం మీ ఊరి గాలికి అన్నిటికన్నా తగినది. కొత్త నిలువు రాడ్లు పునాది ఫుటింగులోకీ, పై స్లాబు గుండా పైకీ వెళ్లాలి, స్లాబు కింద ఆగిపోతే ఆ తొడుగు పూర్తి బరువును పంచుకోలేదు. యాంగిల్స్ పద్ధతిలో పిల్లర్ పరిమాణం పెద్దగా పెరగదు, పని తొందరగా అవుతుంది, కాని బయట ఉన్న ఆ ఇనుముకు ఉప్పుగాలి తగులుతూనే ఉంటుంది కనుక, మచిలీపట్నంలో రెండు మూడేళ్లకోసారి రంగు వేయించే ఓపిక ఉంటేనే దానికి ఒప్పుకోండి. రెండు పిల్లర్లలో కనిపించిన తుప్పు మిగిలిన పిల్లర్లలో మొదలై ఉండవచ్చు. మొదటి రోజునే అన్నిటినీ చిన్న సుత్తితో తట్టించి, బోలు శబ్దం వచ్చిన చోట్ల సుద్దతో గుర్తు పెట్టించండి.